విమానాల ఫొటోలు షార్ప్‌గా రావాలంటే ఏం కొనాలి? ఫోనా, బ్రిడ్జ్ కెమెరానా, పాత డీఎస్‌ఎల్‌ఆరా, మిర్రర్‌లెస్సా?

విమానాల ఫొటోలు తీయడం మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ముందుగా అడిగేది "ఏ కెమెరా కొనమంటారు?" అని. నన్నడిగితే దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఏ విమానాన్ని తీస్తారు? ఎంత దూరం నుంచి తీస్తారు? శంషాబాద్‌లో దిగే ఎయిర్‌బస్, బేగంపేట వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శనలో పల్టీలు కొట్టే సూర్యకిరణ్ బృందం హాక్ జెట్, విశాఖ ఆర్కే బీచ్ మీదుగా పోయే నేవీ హెలికాప్టర్ మూడూ మూడు రకాల పనులు. ఒకదానికి సరిగ్గా సరిపోయిన సరంజామా ఇంకోదానికి దండగ.

ఇంకో సంగతి కూడా ఉంది. మసకకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో డబ్బు పెడితే పోయేవి కొన్నే.

## ముందు మీ ఫొటో ఎందుకు చెడిందో చూడండి

మీరు తీసినవాటిలో మసకేసిన ఫొటో ఒకటి కంప్యూటర్‌లో తెరవండి. వంద శాతం జూమ్‌కి వెళ్లి, తోక వైపు వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ అక్షరాలనూ కాక్‌పిట్ అద్దాల చట్రాలనూ చూడండి. ఫొటో మొత్తంగా చూసినప్పుడు అన్ని మసకలూ ఒకేలా కనిపిస్తాయి. అక్షరాల దగ్గరకొచ్చేసరికి తేడా తెలుస్తుంది.

అక్షరాలు విమానం వెళ్లే దిక్కులోనే సాగిపోయి ఉంటే, మీ కెమెరా విమానంతో సమానంగా తిరగలేదన్నమాట. పైకీ కిందకీ, లేదా ఐమూలగా రెండేసి గీతలు కనిపిస్తే అది చేతి కుదుపు. విమానం మెత్తగా ఉండి వెనకున్న చెట్లో, మబ్బు అంచులో స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. అంచులు అలలు అలలుగా వంకర్లు పోయి, వరుసగా తీసిన పది ఫొటోల్లో ఒక్కోదాంట్లో ఒక్కో వంకర ఉంటే అది వేడి గాలి. అక్షరాలు అక్షరాల్లా కాకుండా ఏదో రంగు పూసినట్టు ఉంటే విమానం ఫ్రేమ్‌లో మరీ చిన్నగా పడింది, మీరు దాన్ని కత్తిరించి పెద్దది చేశారు.

ఈ ఐదింటిలో కొత్త కెమెరాతో బాగుపడేది ఫోకస్ ఒక్కటే. పొడుగు లెన్స్‌తో బాగుపడేది ఆఖరిది. చేతి కుదుపుకు లెన్స్‌లోని స్టెబిలైజేషన్ (వణుకును సర్దే ఏర్పాటు) కొంత సాయం చేస్తుంది. పానింగ్, అంటే విమానంతో పాటు కెమెరాను తిప్పడం, మీ ఒడుపు. వేడి గాలికి మాత్రం లక్ష పెట్టినా మందు లేదు, పొద్దున్నే వెళ్లడమే.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

దూరానికి తగ్గ లెన్స్. దీనికి చిన్న లెక్కుంది. సెన్సర్ వెడల్పును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద మి.మీ.లో ఉండే అంకె) భాగించి దూరంతో గుణిస్తే, ఆ దూరంలో మీ ఫ్రేమ్‌లో ఎన్ని మీటర్లు పడతాయో తెలుస్తుంది. మామూలు కెనాన్ క్రాప్ సెన్సర్ వెడల్పు 22.3 మి.మీ. దానికి 250 మి.మీ. లెన్స్ తగిలించి 500 మీటర్ల దూరం చూస్తే ఫ్రేమ్ వెడల్పు దాదాపు 45 మీటర్లు. ఎయిర్‌బస్ ఏ320 పొడవు 37.57 మీటర్లు. అంటే ముక్కు నుంచి తోక దాకా చక్కగా పట్టి, అటూ ఇటూ కాస్త ఖాళీ కూడా మిగులుతుంది. అదే దూరంలో, అదే లెన్స్‌తో పన్నెండు మీటర్ల పొడవుండే హాక్‌ను తీస్తే ఫ్రేమ్‌లో పావు వంతుకు కాస్త ఎక్కువ. ఎయిర్‌లైనర్లకు 250 చాలు, ఫైటర్లకు చాలదు అని అందరూ అనేది ఇందుకే.

పానింగ్‌కు వీలు. షటర్ స్పీడ్ పెంచితే ఏ విమానమైనా నిలబడిపోతుందని చాలామంది నమ్మకం. లెక్క చూడండి. దిగబోయే ఎయిర్‌లైనర్ వేగం గంటకు 260 కి.మీ. అనుకుందాం, అంటే సెకనుకు 72 మీటర్లు. 1/1000 సెకనులో అది 7 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. పైన చెప్పిన 45 మీటర్ల ఫ్రేమ్‌ను 24 మెగాపిక్సెల్ సెన్సర్ అడ్డంగా 6000 ముక్కలు చేస్తుంది కాబట్టి ఒక్కో పిక్సెల్‌కు 7.5 మిల్లీమీటర్లు. కెమెరాను కదపకుండా పట్టుకుంటే 1/1000 దగ్గర కూడా దాదాపు పది పిక్సెళ్ల సాగుడు! రిజిస్ట్రేషన్ అక్షరాల అంచులు పోవడానికి అది చాలు. కెమెరా విమానంతో పాటు తిరగాల్సిందే. అందువల్ల చేతిలో సులువుగా తిరిగే బరువు, కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ అనేవి మెగాపిక్సెళ్లకంటే ముఖ్యం.

ఫోకస్. ఖాళీ ఆకాశంలో ఫోకస్ సిస్టమ్‌కు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. తెల్లటి మబ్బు మీద తెల్లటి విమానమైతే మరీ కష్టం. ఎన్ని ఫోకస్ పాయింట్లు, విమానాన్ని కెమెరా తనంతట తాను గుర్తుపడుతుందా, తప్పిపోతే ఎంత త్వరగా మళ్లీ పట్టుకుంటుంది అనేవి ఇక్కడ చూడాలి.

వెలుతురు. ఎండ పూర్తిగా ఉన్న రోజు ఎఫ్/8 (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే ఎపర్చర్ అంకె, పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది), ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 400 దగ్గర షటర్ 1/1600 వస్తుంది. కాబట్టి పగటిపూట ఎఫ్/8 లెన్స్ కూడా హాయిగా పనిచేస్తుంది. సాయంత్రమయ్యాకే లెన్స్ ఖరీదు ఎందుకో అర్థమవుతుంది.

బరువు, ధర సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎవరి భుజం, ఎవరి జేబు వాళ్లకు తెలుసు.

## కెమెరాకంటే ముందు: ఏ విమానానికి ఏ షటర్

ఇది కొనే విషయం కాకపోయినా, ఏది కొనాలో చాలావరకు ఇదే చెబుతుంది.

| ఏది తీస్తున్నారు | షటర్ (కాస్త చేయి తిరిగాక) | మొదట్లో | ఎందుకు |
|---|---|---|---|
| జెట్ ఎయిర్‌లైనర్ | 1/800 – 1/1250 | 1/1250 | తిరిగే రెక్కలు బయటకు కనపడవు, ఎంత వేగమైనా పెట్టొచ్చు |
| ఫైటర్, విన్యాసాల జెట్ | 1/1600 – 1/2500 | 1/2000 | వేగం ఎక్కువ, దిక్కు ఉన్నట్టుండి మారుతుంది |
| ఏటీఆర్ వంటి ప్రొపెల్లర్ విమానం | 1/125 – 1/250 | 1/320 | ప్రొపెల్లర్ తిరుగుతున్నట్టు కనపడాలి |
| హెలికాప్టర్ | 1/80 – 1/160 | 1/200 | రోటర్ మరింత నెమ్మదిగా తిరుగుతుంది |

జెట్‌లకు పేచీ లేదు. తిప్పలన్నీ ప్రొపెల్లర్లతోనే. రాజమండ్రి, కడప రూట్లలో తిరిగే ఇండిగో ఏటీఆర్ 72-600కి ఆరు రెక్కల ప్రొపెల్లర్ ఉంటుంది. టేకాఫ్‌లో నిమిషానికి 1200 చుట్లు, అంటే సెకనుకు ఇరవై. 1/1000 దగ్గర తీస్తే ఆ సమయంలో రెక్క కదిలేది ఏడు డిగ్రీలే. ఫొటోలో ఇంజన్ ఆగిపోయి విమానం గాల్లో వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. 1/250 దగ్గర 29 డిగ్రీలు తిరుగుతుంది, కదలిక తెలుస్తుంది. రెక్కకూ రెక్కకూ మధ్య ఎడం 60 డిగ్రీలు కాబట్టి 1/125 దగ్గర దాదాపు నిండు చక్రం వస్తుంది. ధ్రువ్ హెలికాప్టర్‌కు నాలుగు రెక్కలు, రోటర్ నిమిషానికి సుమారు 300 చుట్లు. అక్కడ నిండు చక్రం కావాలంటే 1/20 దాకా దిగాలి. అది మనవల్ల అయ్యే పని కాదు గానీ, 1/125 దగ్గర 14 డిగ్రీల కదలిక వస్తుంది. చూడ్డానికి అది బాగానే ఉంటుంది.

ఇక్కడ బేరం సూటిగా ఉంటుంది. షటర్ ఎంత తగ్గిస్తే ప్రొపెల్లర్ అంత అందంగా వస్తుంది, విమానం అంత ఎక్కువగా మసకేస్తుంది. 1/1250 దగ్గర పదికి ఎనిమిది బాగా వచ్చే చేతికి 1/160 దగ్గర ఒకటో రెండో వస్తాయి. మొదట 1/320 దగ్గర ఒకటి భద్రంగా తీసుకుని, తర్వాత వచ్చే విమానానికి ఒక్కో మెట్టు దిగండి. భుజాలు కదపకుండా నడుము నుంచి తిరగండి. విమానం మీకు ఎదురుగా వచ్చే చోటికి పాదాలు పెట్టి, అది వచ్చే వైపుకు నడుము తిప్పి ఎదురుచూడండి. అప్పుడు అసలు సమయానికి ఒళ్లు బిగుసుకోదు. బటన్ నొక్కాక కూడా కాసేపు తిరుగుతూనే ఉండాలి. కొత్తవాళ్లు క్లిక్‌మనగానే ఆగిపోతారు, ఆఖరి నాలుగు ఫ్రేములూ అక్కడే పోతాయి.

ఎండలో షటర్ తగ్గిస్తే ఇంకో చిక్కు. ఐఎస్ఓ 100, 1/160 పెడితే ఎపర్చర్ ఎఫ్/13 దాకా మూసుకుపోతుంది. సెన్సర్ మీదున్న దుమ్ము చుక్కలన్నీ నీలాకాశంలో నల్లగా బయటపడతాయి. వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ గానీ పోలరైజర్ గానీ బిగిస్తే ఎఫ్/8 దగ్గరకు రావచ్చు. పోలరైజర్ అయితే విమానం ఒంటి మీది మెరుపును కూడా తగ్గిస్తుంది.

## ఐదు దారులు

| | 500 మీ. దూరంలో ఫ్రేమ్ వెడల్పు | ఫోకస్ | మసక వెలుతురులో | మొత్తం బరువు |
|---|---|---|---|---|
| ఫోన్ (5ఎక్స్ టెలి, అంటే దూరాన్ని దగ్గర చేసే లెన్స్) | సుమారు 150 మీ. | మీ చేతిలో లేదు | బలహీనం | జేబులో పడుతుంది |
| బ్రిడ్జ్ (నికాన్ పీ950) | పూర్తి జూమ్‌లో 9 మీ. | నిదానం | బలహీనం | సుమారు 1 కిలో |
| పాత డీఎస్‌ఎల్‌ఆర్ + 55-250 లేదా 70-300 | 39 – 45 మీ. | బాడీని (లెన్స్ కాకుండా మిగతా కెమెరా) బట్టి | మధ్యస్థం | సుమారు 1 కిలో |
| మిర్రర్‌లెస్ + కిట్ టెలి లేదా 100-400 | 28 – 47 మీ. | చాలా బాగు | లెన్స్‌ను బట్టి | 1 – 1.1 కిలో |
| 150-600 జూమ్ | సుమారు 19 మీ. | బాడీని బట్టి | మధ్యస్థం | 2.5 – 3 కిలోలు |

### ఫోన్

తీసిపారేయకండి. నేల మీద నిలబెట్టిన విమానాలకు ఫోనే ముందు. 2024 జనవరిలో బేగంపేట వింగ్స్ ఇండియాకు బోయింగ్ 777-9 వచ్చింది. అలాంటి పెద్ద విమానం పక్కన జనంలో నిలబడితే 250 లెన్స్‌కు ఒక టైరు మాత్రమే పడుతుంది, ఫోన్ వైడ్ లెన్స్‌కు విమానం మొత్తం పడుతుంది.

ఎగిరేవాటి దగ్గరకొచ్చేసరికి కథ మారుతుంది. 120 మి.మీ.కు సమానమైన (36 మి.మీ. వెడల్పుండే ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌తో పోల్చిన లెక్క) టెలి లెన్స్‌కు అర కిలోమీటరు దూరంలో ఏ320 ఫ్రేమ్‌లో పావు వంతే వస్తుంది. పన్నెండు మెగాపిక్సెళ్ల ఫొటోలో అది వెయ్యి పిక్సెళ్లు. వాట్సాప్ స్టేటస్‌కు బ్రహ్మాండం. ఇంకా జూమ్ చేస్తే ఫోన్ తన సొంత తెలివితో అంచులు దిద్దుతుంది, రిజిస్ట్రేషన్ చోట అక్షరాల్లాంటివి ఏవో గీస్తుంది. ప్రొపెల్లర్లతో మరీ తంటా. ఫోన్ ఎపర్చర్ మూసుకోదు కాబట్టి ఎండలో షటర్ దానంతటదే చాలా వేగంగా వెళ్తుంది. సెన్సర్‌ను వరుసల వారీగా చదువుతుంది కాబట్టి రెక్కలు అరటికాయల్లా వంగి వస్తాయి.

ఒక్క చిట్కా: 5ఎక్స్ దాటి జూమ్ చేయకుండా, విమానం మీ నెత్తి మీదుగా పోయే చోట నిలబడండి. ఫోన్‌తో తీసేటప్పుడు జూమ్‌కంటే మీరు నిలబడే చోటే ముఖ్యం.

### బ్రిడ్జ్ కెమెరా

"2000 మి.మీ. జూమ్" అని డబ్బా మీద కనపడగానే చేయి జేబులోకి వెళ్తుంది. బ్రిడ్జ్ అంటే లెన్స్ విడదీయడానికి వీల్లేని పొడుగు జూమ్ కెమెరా. నికాన్ పీ950లో 24-2000, పీ1000లో 24-3000 మి.మీ.కు సమానమైన జూమ్ ఉంది. ఈ కెమెరాల లోపల 1/2.3 అంగుళాల సెన్సర్ ఉంటుంది, అంటే ఫోన్ సెన్సర్ స్థాయే. పీ1000 పూర్తి జూమ్‌లో ఎపర్చర్ ఎఫ్/8. అంత చిన్న సెన్సర్ మీద ఎఫ్/8 అంటే సన్నటి వివరాలు అక్కడే కరిగిపోతాయి. పైగా అంత జూమ్‌లో విమానాన్ని ఫ్రేమ్‌లోకి తెచ్చుకోవడమే ఒక విద్య. దొరికిందనుకునేలోపు వెళ్లిపోతుంది.

అయినా ఒక పనికి దీన్ని మించింది ఈ ధరలో లేదు. మీ డాబా మీదుగా 35 వేల అడుగుల ఎత్తున తెల్లటి చారలు గీస్తూ పోయే విమానాలు, అంటే దాదాపు పది పదకొండు కిలోమీటర్లు. ఆ దూరంలో పీ950 ఫ్రేమ్ వెడల్పు 190 మీటర్ల చిల్లర. 73.9 మీటర్ల బోయింగ్ 777-300ఈఆర్ అందులో మూడో వంతుకు పైగా నిండుతుంది. ఏ కంపెనీదో, ఎన్ని ఇంజన్లో, రంగులేమిటో తెలుస్తాయి. నిట్టనిలువుగా పైకి చూసినప్పుడు నేలకు దగ్గరగా మరిగే గాలి తక్కువ మందమే అడ్డొస్తుంది కాబట్టి, అదే దూరం అడ్డంగా చూసినదానికంటే స్పష్టంగా వస్తుంది. ఇంటి డాబా దాటి వెళ్లే ఉద్దేశం లేనివాళ్లకు ఇదే నా సలహా. ఎయిర్ షోలకు మాత్రం వద్దు.

### పాత డీఎస్‌ఎల్‌ఆర్, చిన్న టెలి

మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక, అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్‌లు అమ్ముకునేవాళ్లు ఎక్కువయ్యారు, కొనేవాళ్లకు బేరం బాగుంది. పానింగ్‌కు ఆప్టికల్ వ్యూఫైండర్ ఇప్పటికీ హాయి. కంటికి కనిపించేది అద్దంలోంచి వచ్చిన వెలుతురే కాబట్టి ఆలస్యమనేది ఉండదు. ప్రొపెల్లర్ల కోసం 1/160 దగ్గర సాధన చేసేవాళ్లకు ఇది పెద్ద సాయం.

బాడీల్లో కెనాన్ 700డీకి తొమ్మిది ఫోకస్ పాయింట్లే. మధ్య పాయింట్ పెట్టుకుని విమానం మీద నిలపగలిగితే ఎయిర్‌లైనర్లకు చాలు. కాస్త ఎక్కువ పెట్టగలిగితే 45 పాయింట్ల 80డీ గానీ, 51 పాయింట్ల నికాన్ డీ7200 గానీ చూడండి. నికాన్ డీ500 మంచి స్థితిలో దొరికితే వదలకండి. 2016 నాటిదైనా 153 పాయింట్లు, సెకనుకు పది ఫ్రేములు ఫైటర్లకు కూడా సరిపోతాయి.

లెన్స్ దగ్గర మాత్రం జాగ్రత్త. కెనాన్‌లో 55-250 ఎస్‌టీఎం (ఫోకస్ మోటారు రకం) తీసుకోండి, 375 గ్రాములే. ఇదే నంబర్లతో ఎస్‌టీఎం లేని పాతవి కూడా దొరుకుతాయి, వాటి ఫోకస్ నిదానం. 75-300 చవగ్గా కనిపిస్తుంది గానీ వద్దు. స్టెబిలైజేషన్ లేదు, 300 దగ్గర మెత్తగా ఉంటుంది. నికాన్‌లో ఏఎఫ్-పీ 70-300 చక్కటి లెన్స్. అయితే వీఆర్ (నికాన్ స్టెబిలైజేషన్) ఉన్నదీ లేనిదీ రెండు రకాలున్నాయి, పేరులో వీఆర్ ఉందో లేదో చూసుకోండి. డీ90, డీ7000 వంటి పాత బాడీల మీద ఈ లెన్స్ ఫోకస్ పనిచేయదు. బాడీ, లెన్స్ వేరువేరు చోట్ల కొనేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు.

### మిర్రర్‌లెస్

ఇక్కడ మీరు డబ్బు పెట్టేది ముఖ్యంగా ఫోకస్ కోసం. సోనీ ఏ6700, నికాన్ జెడ్50 రెండో తరం కెమెరాల్లో గుర్తించాల్సినవాటి జాబితాలో విమానాలు విడిగా ఉన్నాయి. ఆ మోడ్ పెట్టాక మీరు విమానాన్ని ఫ్రేమ్‌లో ఉంచితే చాలు, ఫోకస్ సంగతి అది చూసుకుంటుంది. కెనాన్ ఆర్10లో వాహనాలంటే కార్లూ బైకులే. అయినా ఒకసారి పట్టుకున్నాక దాని ట్రాకింగ్ గట్టిదే, ఖాళీ ఆకాశం మీద పెద్దగా లోటు తెలియదు. చెట్ల వెనక నుంచి వచ్చే విమానాల దగ్గర తేడా పడుతుంది.

లెన్సుల్లో మళ్లీ బేరసారాలే. జెడ్50తో వచ్చే 50-250 తేలిక, ఎయిర్‌లైనర్లకు సరిపోతుంది, ఫైటర్లకు పొట్టి. కెనాన్ ఆర్ఎఫ్ 100-400 బరువు 635 గ్రాములే, ఆర్10తో కలిపినా కిలో దాటి కాస్త. 500 మీటర్ల దగ్గర 28 మీటర్ల ఫ్రేమ్ ఇస్తుంది, హాక్‌కు బాగా నయం. కానీ చివర్లో ఎఫ్/8. విశాఖలో నేవీ విన్యాసాలు సాయంత్రం పూట జరుగుతాయి. డిసెంబరు మొదట్లో అక్కడ ఐదింబావు, ఐదున్నర మధ్యే సూర్యాస్తమయం. వెలుతురు మూడు మెట్లు (ఒక్కో మెట్టుకు సగం చొప్పున) పడిపోయిందంటే 1/1600 నిలబెట్టుకోవడానికి ఐఎస్ఓ 400 కాస్తా 3200 అవుతుంది. ఫొటో వస్తుంది, ఇసుక చల్లినట్టు గరగర కూడా వస్తుంది. పొద్దుటి ఎండలో శంషాబాద్ చుట్టూ తిరిగేవాళ్లకు ఈ లోటు ఎప్పటికీ కనపడదు.

ఒక హెచ్చరిక: సెకనుకు ఇరవై ఫ్రేములొస్తాయని ఎలక్ట్రానిక్ షటర్ పెట్టకండి. ఫోన్‌లో లాగానే ప్రొపెల్లర్లు వంగిపోతాయి. మెకానికల్ షటర్‌తో వచ్చేవి ధారాళంగా చాలు.

### 150-600

సిగ్మా కాంటెంపరరీ 1.93 కిలోలు, టామ్రాన్ జీ2 రెండు కిలోలు. ఫైటర్ల ఫొటోల్లో పైలట్ హెల్మెట్ కనపడాలనుకునేవాళ్లు చివరికి చేరేది ఇక్కడికే. 500 మీటర్లలో 19 మీటర్ల ఫ్రేమ్ అంటే హాక్ మూడింట రెండొంతులు నిండుతుంది. ఎఫ్/6.3 దగ్గరకంటే ఎఫ్/8 దగ్గర కాస్త షార్ప్‌గా ఉంటుంది.

మొదటి లెన్స్‌గా మాత్రం నేను వద్దంటాను. పానింగ్ ఒడుపు రాకముందు రెండు కిలోల లెన్స్ చేతికిస్తే పది నిమిషాల్లో భుజం లాగుతుంది, తర్వాతవన్నీ కుదుపులే. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) దిగే విమానాలకు పనికొస్తుంది, నెత్తి మీద గిరికీలు కొట్టేవాటికి అడ్డం. తొమ్మిది సూర్యకిరణ్‌లూ వజ్రాకారంలో వచ్చినప్పుడు 150 దగ్గర కూడా కొసలు తెగిపోవచ్చు, ఆ క్షణంలో పక్కవాడి ఫోనే నయం. రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా కోసమో, యెలహంక ఏరో ఇండియా కోసమో అయితే కొనడం దేనికి? అద్దెకు తెచ్చుకోండి. షోకి ఒక రోజు ముందే తెచ్చుకుని రోడ్డు మీద పోయే బైకుల మీద చేయి సవరించుకోండి. 2025 ఏరో ఇండియాలో ఎఫ్-35, సుఖోయ్-57 రెండూ ఒకే చోటికి వచ్చాయి. అలాంటి రోజున కొత్త లెన్స్ స్విచ్‌లు వెతుక్కుంటూ కూర్చోవడం ఏం బాగుంటుంది?

## ఎవరికి ఏది

ఎయిర్‌లైనర్ల పిచ్చి ఉన్న కాలేజీ కుర్రాళ్లకు, ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు: సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్, 55-250 ఎస్‌టీఎం. ఏడాది తర్వాత మానేసినా కొన్న ధరకు కాస్త తక్కువలో అమ్ముకోవచ్చు.

ఇంట్లో ఫంక్షన్లు, పిల్లలు, ప్రయాణాలు అన్నిటికీ ఒకటే కెమెరా కావాలనేవాళ్లకు మిర్రర్‌లెస్, రెండు కిట్ లెన్సులు. విమానాలు అందులో ఒక భాగం మాత్రమే కాబట్టి 250 దగ్గర ఆగండి.

ఎయిర్ షోలకు మాత్రమే వెళ్లేవాళ్లకు విమానాలను గుర్తుపట్టే మిర్రర్‌లెస్ బాడీ సొంతంగా, పొడుగు లెన్స్ అద్దెకు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, డాబా మీద కుర్చీ వేసుకుని విమానాల జాడ చూపే ఫ్లైట్‌రాడార్24 యాప్ చూస్తూ తీద్దామనుకునేవాళ్లకు బ్రిడ్జ్.

ఎటూ తేల్చుకోలేకపోతే? బాడీ తక్కువది, లెన్స్ మంచిది తీసుకోండి. తిరగేసి కొన్నవాళ్లే ఎక్కువగా బాధపడటం చూశాను.

## ఏది కొన్నా మారనివి

హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు రన్‌వేలు దాదాపు తూర్పు పడమరలుగా ఉంటాయి. శంషాబాద్ రన్‌వే నంబర్లు 09, 27 అంటే అదే. ఏడాదిలో ఎక్కువ భాగం సూర్యుడు మనకు దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి, రన్‌వేకు దక్షిణాన నిలబడి ఉత్తరానికి చూస్తే విమానం పక్క భాగమంతా వెలుతురు పడుతుంది. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మాత్రం మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి జరుగుతాడు. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి కాబట్టి తూర్పు నుంచి దిగడం ఎక్కువ. బయల్దేరేముందు ఫ్లైట్‌రాడార్‌లో ఒకసారి చూస్తే ఆ రోజు ఎటు వైపో తెలిసిపోతుంది, పెట్రోలు మిగులుతుంది.

ఎండాకాలం తొమ్మిది దాటాక రన్‌వే మీద పరుగెత్తే విమానాన్ని దూరం నుంచి తీయడం వృథా. కాంక్రీటు మీద గాలి మరుగుతూ ఉంటుంది. అప్పటికీ తీయాలనిపిస్తే గాల్లో ఉన్నవాటిని, దగ్గరగా పోయేవాటిని ఎంచుకోండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వాన వెలిసిన మర్నాటి ఉదయం అన్నిటికంటే శుభ్రమైన గాలి.

సెట్టింగులు ఎక్కువ అక్కర్లేదు. షటర్ ప్రయారిటీ, కంటిన్యువస్ ఫోకస్ (కెనాన్‌లో ఏఐ సర్వో లేదా సర్వో, మిగతావాటిలో ఏఎఫ్-సీ), ఆటో ఐఎస్ఓకు 3200 హద్దు, చిన్న బర్స్ట్‌లు (బటన్ నొక్కిపట్టి వరుసగా తీసే ఫొటోలు). తెల్లటి విమానం తెల్లటి ఆకాశం మీద నల్లబడకుండా ఎక్స్‌పోజర్ కాస్త పెంచండి.

విశాఖ విమానాశ్రయం నేవీది, ఐఎన్ఎస్ డేగా. దుండిగల్, హకీంపేట వైమానిక దళానివి. బేగంపేటలోనూ వాళ్ల స్థావరం ఉంది. ఇలాంటి చోట్ల గోడ పక్కన లెన్స్ ఎత్తకండి, "ఫొటోగ్రఫీ నిషేధం" బోర్డు పెట్టింది ఉత్తినే కాదు. మామూలు విమానాశ్రయం బయట కూడా పోలీసులు అడిగితే ఫొటోలు చూపించి, వెళ్లమంటే వెళ్లిపోవడం మంచిది. ఫైటర్లు కావాలంటే జనాన్ని రమ్మని పిలిచే రోజులు ఉండనే ఉన్నాయి.

## సెకండ్ హ్యాండ్ లెన్స్ చూసేటప్పుడు

కోఠిలో కొన్నా, ఆన్‌లైన్‌లో పరిచయమైన మనిషి దగ్గర కొన్నా, మీ బాడీ, మెమరీ కార్డు వెంట తీసుకెళ్లండి. వీధిలోకి వచ్చి దూరంగా ఉన్న షాపు బోర్డు మీద ఫోకస్ చేసి, పూర్తి జూమ్‌లో, ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్/8 దగ్గర ఒకటి తీయండి. బోర్డు ఎడమ కొస అక్షరాలు బాగుండి కుడి కొస మెత్తగా ఉంటే లోపలి అద్దం పక్కకు జరిగిందేమోనని అనుమానించాలి. గోడకు ఎదురుగా నిలబడి మరోసారి చూసుకుని, అప్పుడూ అలాగే ఉంటే వద్దనేయండి. మీ వైపు వచ్చే ఆటోల మీద కంటిన్యువస్ ఫోకస్ పెట్టి ఇరవై ముప్పై ఫ్రేములు తీయండి, నంబర్ ప్లేటు ఎన్నింటిలో చదవగలుగుతున్నారో లెక్కపెట్టండి. స్టెబిలైజేషన్ ఆన్ చేసి షటర్ సగం నొక్కితే వ్యూఫైండర్‌లో బొమ్మ నిలబడాలి, గెంతకూడదు. మొబైల్ టార్చ్ వేసి వెనక నుంచి లోపలికి చూస్తే సాలెగూడు లాంటి పోగులు కనపడితే అది ఫంగస్. విశాఖ, కాకినాడ వంటి తీరం ఊళ్లలో వాడిన లెన్సుల దగ్గర ఇది మరీ చూసుకోవాలి. నాలుగు దుమ్ము రేణువులుంటే పట్టించుకోకండి, ధర తగ్గించమని అడగడానికి మాత్రం పనికొస్తాయి.